హాజరు చరిత్ర - 4: కార్డు గీకి, కాఫీ తాగి



పోయిన భాగంలో మస్టర్ రోల్ గురించి రాశాను. ఈసారి స్వైప్ కార్డు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న నా పాత విద్యార్థిని ఒకామె దీనికి కారణం. వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలని వాళ్ల కంపెనీ నియమం. "పొద్దున పోయి కార్డు గీకి, కాఫీ తాగి, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చేస్తున్నాం సార్" అంది నవ్వుతూ. అమెరికాలో దీనికి 'కాఫీ బ్యాడ్జింగ్' అని పేరు కూడా పెట్టారు.

పేరు కొత్తది, పని పాతది. 1890 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్‌లో విల్లర్డ్ బండీ అనే నగల వ్యాపారి, కార్మికులు వచ్చిపోయే వేళను కాగితం మీద అచ్చేసే గడియారం చేశాడు. మనిషికో నంబరు తాళంచెవి. ఆ తర్వాత పంచ్ కార్డులొచ్చాయి. ఆలస్యమైన దోస్తు కార్డు కూడా మనమే కొట్టేయడం వాటి వెనకే వచ్చింది. బండీ కంపెనీ చేతులు మారి మారి 1911లో ఒక పెద్ద సంస్థలో కలిసింది. 1924లో ఆ సంస్థ పేరు ఐబీఎంగా మారింది. ఇదే ఐబీఎం, ఏళ్ల తరబడి ఇంటి నుంచి పని చేయించుకుని, 2017లో వేలమందిని తిరిగి ఆఫీసులకు రమ్మంది!

కరోనా తర్వాత అందరూ అదే దారి. 2023 అక్టోబర్‌లో టీసీఎస్ ఐదు రోజులూ రమ్మంది, 2024లో వేరియబుల్ పేను హాజరుకు ముడిపెట్టింది. 60 శాతం కన్నా తగ్గితే పైసా రాదు. అమెజాన్ ఉద్యోగులు 2023 మే 31న సియాటిల్‌లో వాకౌట్ చేశారు. కంపెనీ వినలేదు, 2025 జనవరి నుంచి ఐదు రోజులూ రమ్మంది.

'ఆఫీస్ కల్చర్' కోసం రమ్మంటున్నామని యాజమాన్యాలంటాయి. నా విద్యార్థిని దీనికి చెప్పిన మాట వేరు. "ఇంట్లో ఉంటే కెమెరా ఆపుకోవచ్చు సార్. అక్కడ టిఫిన్ బాక్స్ మూత తియ్యాలంటే ముందు చుట్టూ చూసుకోవాలి. మీ ఇంటిపేరేంటి అని ఇప్పటికి ముగ్గురు అడిగారు." కాఫీ తాగి లేచి రావడం ఆమెకు బద్ధకం కాదు. అయినా నాకొక గుబులుంది. ప్రమోషన్లూ రిఫరల్సూ నడిచేది ఆ భోజనాల బల్ల దగ్గరే. మనవాళ్లు లేచి వచ్చేస్తే అక్కడ మిగిలేదెవరు? ఆమెకు ఏం చెప్పాలో తోచలేదు.

వాళ్లమ్మ మునిసిపాలిటీలో కాంట్రాక్టు కార్మికురాలు, రోడ్లు ఊడుస్తుంది. ఆమెకూ హాజరుంది, ముఖంతో. ఉపాధి హామీ కూలీలకు 2023 జనవరి 1 నుంచి యాప్‌లో రోజుకు రెండు ఫొటోలు తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే చేసిన పనికి కూలి పోయేది. కూలీలు ఆ ఫిబ్రవరిలోనే ఢిల్లీ జంతర్ మంతర్‌లో ధర్నాకు కూర్చున్నారు. చండీగఢ్‌లో పారిశుద్ధ్య కార్మికుల చేతులకు ఏకంగా జీపీఎస్ వాచీలే కట్టారు. హాజరు వేసి ఇంటికెళ్లే వీలు వీళ్లలో ఎవరికీ లేదు.

వర్క్ ఫ్రం హోం అంటే ఏంటో కూతురు చెప్పబోతే తల్లి అడిగిందట, "నేను ఏడ కూసోని ఊడ్వాలె బిడ్డా?"

నాలుగున్నరకే పాయింటు దగ్గరికి పోతుందామె. చీకట్లో ముఖం పడకపోతే పక్కన నిలబడ్డ మరో ఆవిడ సెల్లు లైటు కొడుతుంది. ఆ తర్వాత ఈమె ఆమెకు కొడుతుంది.

(ఇంకా ఉంది)