శంకర్‌పల్లి స్టేషను యెదుట కిరాయి బండ్లు

ఫిలిప్పీన్ దీవులలోని మనీలా నగరమున ‘జీప్నీ’ యను వాహనము కలదు. రెండవ ప్రపంచయుద్ధము 1945లో ముగిసిన పిదప అమెరికా సైన్యము విడిచిపోయిన జీపులను అక్కడి పనివారు పొడవు పెంచి, ఎదురెదురుగా బల్లలు అమర్చి, పైకప్పు వేసి, కన్నులు చెదరు రంగులు పూసి బాడుగ బండ్లుగా మార్చిరి. వాని ముందుభాగమున లోహపు గుర్రపు బొమ్మలను నిలుపుట వాడుక. అంతకు ముందు ఆ వీథులలో స్పెయిను వారి కాలమునాటి ‘కలేసా’ యను గుర్రపుబండి తిరుగుచుండెడిది. గుర్రము తప్పుకొన్న చోట దాని బొమ్మ నిలిచినది. మన బండ్లు పోవుచు మనకేమి విడిచిపోయినవని యోచించునపుడు నాకు శంకర్‌పల్లి స్టేషను జ్ఞప్తికి వచ్చును.

వాడి నుండి సికిందరాబాదునకు నిజాము రాజ్యపు రైలుమార్గము 1874లో తెరవబడెను. వాడి యొద్ద అది బొంబాయి-మద్రాసు మార్గముతో కలిసెను. ఈ మార్గముననే వికారాబాదునకును లింగంపల్లికిని నడుమ శంకర్‌పల్లి యున్నది. చేవెళ్ళకు గాని, మొయినాబాదునకు గాని రైలు లేదు. రైలు వచ్చుటతో ఎడ్లబండి కాలము తీరినదని పలువురు తలతురు. జరిగినది వేరు. రైలు దూరప్రయాణపు బండ్లను తగ్గించినమాట నిజమే. కాని ప్రతి స్టేషను చుట్టును బండ్లకు క్రొత్త పనిని పుట్టించినది. రైలు పట్టాలను విడిచి పొలములోనికి రాదు గదా! ధాన్యపు బస్తా స్టేషను చేరుటకును, రైలు దిగినవాడు ఇల్లు చేరుటకును బండియే గతి.

ఆ బండ్లు రెండు తెగలు. బరువులు మోయునది రైతు బండి. సవారీ చేయునది కచ్చురము. కచ్చురము తేలికైనది. వెదురు తడికెలతో కట్టిన గూడు, లోపల గడ్డి పరచి వేసిన పరుపు, ఎడ్ల మెడలలో మువ్వల పట్టెడలు దానికి అందము. చూచువారి కన్నులు గూటిపై నిలుచును గాని, బండి ప్రాణమంతయు చక్రముననే యున్నది. నల్లతుమ్మ కఱ్ఱతో వడ్రంగి ఆకులు చెక్కి, నడిమి దిమ్మెలో బిగించి, చుట్టును వంపు చెక్కలు కూర్చును. పిదప కమ్మరి వంతు. కఱ్ఱ చక్రపు చుట్టుకొలత కంటె ఇనుప పట్టా చుట్టుకొలతను ఆతడు రవంత తక్కువగా ఉంచును. పిడకల మంటలో పట్టాను ఎఱ్ఱగా కాల్చినచో అది సాగును. సాగినదానిని పట్టుకార్లతో ఎత్తి చక్రమునకు తొడిగి, సుత్తితో మోది, వెంటనే నీళ్ళు పోయుదురు. ఇనుము ముడుచుకొనుటతో అతుకులన్నియు కిఱ్ఱుమని బిగిసిపోవును. మేకుల బలము కాదది, నిప్పును నీటిని ఎఱిగినవాని లెక్క. ఏ పాఠశాలయు ఆతనికి ఈ శాస్త్రము చెప్పలేదు.

కచ్చురమును మెచ్చుకొనునపుడు దానిలో ఎవరు కూర్చుండిరో మఱువరాదు. అది దొరల యింటి వాహనము. గిర్దావరు గాని, తహసీలుదారు గాని గ్రామమునకు వచ్చినచో రైతు తన బండిని, ఎడ్లను, తన దినమును వెట్టిగా సమర్పింపవలసి యుండెడిది. దుక్కి యదనుననే పిలుపు వచ్చినను కాదనుటకు వీలు లేదు. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి గారి యధ్యక్షతన మొదటిసారి కూడిన ఆంధ్ర మహాసభ, తరువాతి యేండ్లలో ఈ వెట్టిని ఎదిరించిన సంస్థలలో ముఖ్యమైనది. నేడు తోటల గుమ్మముల యొద్ద రంగు పూసి నిలిపిన బండిచక్రములు ఈ సంగతి చెప్పవు.

ఇందువలననే స్టేషను ముంగిలి నాకు విలువగలదిగా తోచును. రైలు దిగిన బాటసారి ఆ బండివానికి దొర కాడు, అధికారియు కాడు, ఎవరో పరాయివాడు. ఊరి పేరు చెప్పి, బేరమాడి, హాలీ సిక్కా చేతిలో పెట్టి బండి ఎక్కవలసినదే. వెట్టికి కిరాయి లేదు. ఇక్కడ కిరాయి కలదు. దొరతనము ఒక్కనాటితో కూలిపోయినదని నేననను. కాని అదే బండి, అవే ఎడ్లు, ఊరిలో ఊరక నడిచి, స్టేషను యెదుట వెల పలికినవి. రైల్వే చరిత్రలు వ్రాసినవారు వంతెనలను, ఇంజనులను లెక్కించిరే గాని ఈ ముంగిలిని లెక్కింపలేదు.

రైల్వేవారే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. కాలక్రమమున రబ్బరు టైర్ల బండ్లు, ఆపై ట్రాక్టర్లు వచ్చినవి. పాత చక్రపు ఇనుప పట్టా కంకర రోడ్డును కోయుచుండెడిది. టైరు ఆ పోరును మాన్పినది, దానితో కమ్మరి కొలిమి పనియు తగ్గినది. మొయినాబాదు, చేవెళ్ళల మీదుగా మన్నెగూడ వరకు పోవు రోడ్డునకు ఇరుప్రక్కల నిజాము కాలమున నాటించిన మఱ్ఱిచెట్లు మోటారు వేగమునకు ఉద్దేశింపబడినవి కావు. నడచువానికిని, గంటకు రెండు మూడు మైళ్ళు నడచు ఎద్దునకును నీడ కావలెను. రోడ్డు విస్తరణము వచ్చినపుడు సుమారు తొమ్మిది వందల చెట్ల ప్రశ్న జాతీయ హరిత న్యాయాధికరణము వరకు పోయినది. నీడ అవసరమైన బండ్లు మాత్రము అప్పటికే ఆ రోడ్డు దిగిపోయినవి.

ఇప్పుడు స్టేషను దిగినవారికి ఆటోలు కనబడును. మనీలాలో జీప్నీ వెనుక కూర్చున్నవాడు తన చార్జీని ప్రక్కవారి చేతుల మీదుగా డ్రైవరునకు అందించును. ఇచ్చట డ్రైవరు ఇరుప్రక్కల ఇద్దరిని కూర్చుండబెట్టుకొని, తాను సగము వెలుపల ఉండి నడపును. మన ఆటోల ముందు ఎద్దు బొమ్మ లేదు. కాని వారి మాటలను చెవియొగ్గి వినుడు. నిలుచు చోటు అడ్డా, ఎక్కినవాడు సవారీ, ఇచ్చునది కిరాయి. ఈ మాటలు మోటారుతో వచ్చినవి కావు. టాంగావాడును, బండివాడును వాడి వాడి అరుగదీసిన తరువాతనే అవి ఆటోవాని నోటికి వచ్చినవి.