అనుమతితో పుట్టిన రెండో భాగం

1613లో మొఘల్ చక్రవర్తి జహంగీర్ ఇచ్చిన ఫర్మానాతో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ సూరత్‌లో వర్తక స్థావరం ఏర్పరచుకుంది. కంపెనీకి దక్కింది వ్యాపారం చేసుకునే అనుమతి మాత్రమే, రేవు మొఘలులదే. అనుమతి వేరు, సొంతదారీ వేరు. ఈ తేడాను మనకు దగ్గరి కాలానికి చెందిన వీడియో గేముల చరిత్రలోనూ చూడవచ్చు.

1986లో జపాన్‌కు చెందిన టెక్నోస్ సంస్థ, నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రాల కోసం ‘నెక్కెత్సు కోహా కునియో-కున్’ అనే ఆటను తయారుచేసింది. కునియో ఒక హైస్కూలు విద్యార్థి. రూపకర్త యోషిహిసా కిషిమొతో తన బడి రోజుల అనుభవాల నుంచే ఈ పాత్రను మలిచారు. టైటో సంస్థ ద్వారా విదేశాలకు వెళ్లేసరికి ఆట పేరు ‘రెనెగేడ్’గా మారింది. బడి యూనిఫారాలు పోయి పాశ్చాత్య నగరాల వీధి ముఠాలు వచ్చాయి.

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ నగరానికి చెందిన ఓషన్ సంస్థ లైసెన్సు పొంది, 1987లో ‘ఇమాజిన్’ ముద్రతో ఈ ఆటను ఇంటి కంప్యూటర్లకు తెచ్చింది. ఆదరణ లభించడంతో 1988లో ‘టార్గెట్ రెనెగేడ్’ పేరిట రెండో భాగం విడుదల చేసింది. ఇక్కడే విశేషం ఉంది. ఈ రెండో భాగానికి ఆర్కేడ్‌లో మూలం లేదు. అంటే, చూసి అనుసరించడానికి రచయితల ముందు ఏ యంత్రమూ లేదు. స్పెక్ట్రమ్ కంప్యూటర్ కోసం దీనిని మైక్ లాంబ్ రాశారు. ఇద్దరు ఒకేసారి కలిసి ఆడే సౌకర్యం ఇందులో కొత్తగా చేరింది. 1989లో వచ్చిన మూడో భాగంలో ఆ సౌకర్యాన్ని తీసివేసి, కథను కాలయానం వైపు మళ్లించారు.

మరి అసలు సృష్టికర్తలు ఏం చేశారు? టెక్నోస్ 1987లో ‘డబుల్ డ్రాగన్’ను తెచ్చింది. 1989లో కునియోతోనే మరో ఆటను రూపొందించింది. అమెరికాలో అది ‘రివర్ సిటీ రాన్సమ్’ పేరుతో వెలువడింది. ఈ విధంగా ఒకే ఆట నుంచి రెండు శాఖలు చీలాయి. ‘రెనెగేడ్’ అనే పేరు మాంచెస్టర్ శాఖలో కొనసాగింది. కునియో మాత్రం జపాన్‌లోనే ఉండిపోయాడు.

కాబట్టి ఒక ఆట చరిత్ర రాసేటప్పుడు పెట్టెపై ఉన్న పేరు ఒక్కటే చాలదు. అనుమతి ఎవరు ఇచ్చారు, పని ఎవరు చేశారు, మొదటి ఊహ ఎవరిది అనే మూడు ప్రశ్నలూ విడివిడిగా వేసుకోవాలి. లేకుంటే కునియోను సృష్టించిన కిషిమొతో పేరు, మూలం లేకుండానే కొత్త ఆటను నిర్మించిన లాంబ్ పేరు రెండూ మరుగున పడిపోతాయి. మీకు నచ్చిన ఏదైనా ఆటకు ఈ మూడు ప్రశ్నలూ వేసి చూడండి.