కౌన్సిల్ హాలుకు తాళం పడిన రోజులు

మన సంఘం కార్యదర్శి గారు ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని అడిగినప్పుడు, "రాజుల గురించి, కోటల గురించి రాసేవారు చాలామంది ఉన్నారండీ, నాకు తెలిసింది మినిట్సు పుస్తకం ఒక్కటే" అన్నాను. "అయితే దాని గురించే రాయండి" అన్నారు. అందువల్ల ఈ సాహసం.

మున్సిపల్ సర్వీసులో నేను ఎక్కువ కాలం కౌన్సిల్ సెక్షన్‌లోనే పనిచేశాను. అజెండా తయారు చేయడం, స్టెన్సిల్ కోయించి కాపీలు తీయించడం, ప్యూను చేత కౌన్సిలర్ల ఇళ్లకు పంపి సంతకాలు తెప్పించుకోవడం, సభనాడు హాజరు పుస్తకం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడడం - ఇదీ నా ఉద్యోగం. కోరం చాలకపోతే చైర్మన్ గారు నా వైపే చూసేవారు, కౌన్సిలర్లను నేనెక్కడో దాచిపెట్టినట్టు. మినిట్సు పుస్తకంలో ప్రతి సభకూ మొదటి వాక్యం ఒకటే. ఫలానా తేదీన, ఇన్ని గంటలకు, మున్సిపల్ కౌన్సిల్ హాలు నందు సభ జరిగినది. చేయి తిరిగిపోయిన ఆ వాక్యంలో "హాలు నందు" అన్న మాట గురించి నేను ఒక్కనాడూ ఆలోచించలేదు. 2020లో కరోనా వచ్చి హాళ్లన్నిటికీ తాళాలు పడేవరకు.

మహమ్మారి వచ్చినప్పుడు మున్సిపల్ కౌన్సిల్ ఏమవుతుంది అన్న ప్రశ్న పాతదే. 1896 సెప్టెంబరులో బొంబాయి మాండ్వీ ప్రాంతంలో ప్లేగును మొట్టమొదట గుర్తించిన డాక్టర్ అకాసియో వీగాస్ ఆ నగర కార్పొరేషన్ సభ్యుడు కూడా. అంటే హెచ్చరిక చేసినవాడు ఒక ప్రజాప్రతినిధి. ఆరు నెలలు తిరిగేసరికి, 1897 మార్చిలో, ప్లేగు నివారణ పనిని కార్పొరేషన్ చేతిలోంచి తీసి, బ్రిగేడియర్ జనరల్ గటాకర్ అధ్యక్షతన వేసిన ప్లేగు కమిటీకి అప్పగించారు. అంతకు ముందు నెల, ఫిబ్రవరి 4న, అంటువ్యాధుల చట్టం వచ్చింది. అప్పుడు దానిలో ఉన్నవి నాలుగే సెక్షన్లు. చివరిది ఏమంటే, ఈ చట్టం కింద సదుద్దేశంతో పనిచేసిన వారి మీద దావా వేయరాదని. అధికారికి రక్షణ ఉంది. ఆ అధికారిని ప్రశ్నించే సభ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. పూనాలో ప్లేగు కమిటీ ఇళ్ల సోదాలు జనాన్ని ఎంత రగిలించాయో, 1897 జూన్ 22 రాత్రి ర్యాండ్ దొర మీద జరిగిన కాల్పులు ఎక్కడికి దారి తీశాయో పాఠక మిత్రులకు తెలియనిది కాదు. 2020 మార్చిలో మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కరోనా ఉత్తర్వులు ఇచ్చింది ఈ 1897 నాటి చట్టం కిందనే.

ఇప్పుడు ఇంగ్లండు సంగతికి వస్తాను. ఎందుకు అక్కడిదాకా వెళ్లడం అంటారేమో. మా అమ్మాయి కుటుంబం లెస్టర్ నగరానికి దగ్గరలో ఒక పట్టణంలో ఉంటుంది. లాక్‌డౌన్ రోజుల్లో ఫోను చేసినప్పుడల్లా ఆ ఊరి విశేషాలు చెబుతూ, "నాన్నా, ఇక్కడ కౌన్సిల్ మీటింగు కంప్యూటర్లో జరుగుతోంది, ఎవరైనా చూడవచ్చు, మీకు సరదాగా ఉంటుంది" అని ఒకనాడు లింకు పంపింది. అక్కడ సాయంత్రం 5 గంటలంటే మనకు రాత్రి 9.30. భోజనం చేసి కూర్చున్నాను. మనుమడు పెట్టిచ్చాడు.

ఆ దేశంలో పురపాలక సభలకు ఆధారం 1972 నాటి లోకల్ గవర్నమెంట్ చట్టం. కోరం నాలుగోవంతు. ఆరు నెలల పాటు వరుసగా ఏ సభకూ రాని కౌన్సిలరు, కౌన్సిల్ ఆమోదించిన కారణం లేకపోతే, పదవి కోల్పోతాడు. సభలోకి పత్రికలవారిని, ప్రజలను రానివ్వాలన్న హక్కు 1960 నాటి మరో చట్టంతో బలపడింది. ఆ బిల్లు పెట్టింది అప్పుడే కొత్తగా పార్లమెంటుకు వచ్చిన మార్గరెట్ థాచర్. ఆమె మొదటి ప్రసంగమే ఆ బిల్లు మీద. తరువాతి కాలంలో మునిసిపాలిటీలతో ఆవిడకు పడలేదు గాని అది వేరే కథ.

2020 మార్చి 23న అక్కడ లాక్‌డౌన్ ప్రకటించారు. రెండు రోజులకే కరోనా వైరస్ చట్టం వచ్చింది. దాని 78వ సెక్షన్ కింద చేసిన నిబంధనలు ఏప్రిల్ 4 నుంచి అమలులోకి వచ్చాయి. వాటిని తెప్పించుకుని చదివాను. కౌన్సిల్ సెక్షన్ గుమాస్తాకు అది నవల చదివినంత సంబరం. సభ జరిగే "స్థలం" అంటే ఇంటర్నెట్ చిరునామా గాని, టెలిఫోను నంబరు గాని కావచ్చునని రాశారు! సభ్యుడు "హాజరు" అంటే, తక్కినవారి మాట అతనికి వినబడాలి, అతని మాట వారికి వినబడాలి, వీలైతే ఒకరికొకరు కనబడాలి. ప్రజలకు కూడా వినబడాలి. అంతే. కుర్చీ, బల్ల, గుమ్మం దగ్గర సంతకం, ఏమీ అక్కరలేదు. అయితే ఈ వెసులుబాటు 2021 మే 7కు ముందు జరిగే సభలకే. 2020 మేలో జరగవలసిన స్థానిక ఎన్నికలను కూడా ఏడాది వాయిదా వేసి, ఉన్నవారినే కొనసాగించారు.

నేను చూసిన సభలో ఒక్కొక్క గళ్లో ఒక్కొక్క మనిషి. ఒకాయన వంటింట్లో, ఒకామె పుస్తకాల బీరువా ముందు. చేతులెత్తితే లెక్కపెట్టడం కష్టం గనుక క్లర్కు ఒక్కొక్క పేరు పిలిచి అనుకూలమా, ప్రతికూలమా, తటస్థమా అని అడిగి రాసుకుంటున్నది. ఒక పెద్దాయన పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. అందరూ ఆయనకు సైగలు చేస్తున్నారు. నాకు నవ్వు వచ్చింది గాని వెంటనే ఆ క్లర్కు మీద జాలి కూడా కలిగింది. మా రోజుల్లో మైకు పనిచేయకపోతే తిట్లు తిన్నది మేమే కదా. అయినా ఆశ్చర్యమేమంటే, బిందెడు నీళ్లకు కూడా ఆ ఊరితో సంబంధం లేని నేను, ఇంత దూరాన మడత కుర్చీలో కూర్చుని, వారి వృద్ధాశ్రమాలకు మాస్కులు ఎందుకు ఆలస్యమయ్యాయో అధికారిని ఒక సభ్యురాలు నిలదీస్తుంటే వినగలిగాను. మా హాల్లో ప్రజల కోసం వేసినవి రెండు బెంచీలు. వాటిలో ఒకటి ఎప్పుడూ విరిగే ఉండేది.

ఈ పద్ధతిలో లోపాలు లేవని కాదు. చెషైర్ ప్రాంతంలోని హాండ్‌ఫర్త్ అనే చిన్న పారిష్ కౌన్సిల్ కమిటీ సభ 2020 డిసెంబరు 10న ఇలాగే జరిగింది. సభను పిలిచిన తీరే చెల్లదని చైర్మన్ పేచీ పెట్టాడు. సభ నడిపించడానికి బయటి నుంచి వచ్చిన జాకీ వీవర్ అనే అధికారిణి ఒక్క మీట నొక్కి ఆయనను సభ నుంచి బయటికి పంపేసింది. ఆమెకు ఆ అధికారం లేదని ఆయన అరిచాడు, స్టాండింగ్ ఆర్డర్లు చదువుకోమని మరొకాయన అరిచాడు. ఆ దృశ్యం 2021 ఫిబ్రవరిలో లోకమంతా చూసి నవ్వింది. నాకు మాత్రం నవ్వు సగంలోనే ఆగింది. నేను ఎందరో చైర్మన్ల దగ్గర పనిచేశాను. వారిలో ఒకరిద్దరిని బయటికి పంపాలని నాకూ అనిపించిన సందర్భాలు ఉన్నాయి. హాల్లో అయితే అది ఎవరి తరమూ కాదు. మీట చేతిలో ఉన్నవారిదే సభ అయితే, ఆ మీట ఎవరి చేతిలో ఉండాలో ముందే రాసిపెట్టుకోవాలి.

లెస్టర్ నగరం సంగతి ఇంకా బరువైనది. దేశమంతటా ఆంక్షలు సడలుతున్న సమయంలో, 2020 జూన్ 29న, ఆ ఒక్క నగరానికీ చుట్టుపక్కలకూ మళ్లీ లాక్‌డౌన్ ప్రకటించారు. ఇంగ్లండులో అలాంటి స్థానిక లాక్‌డౌన్ అదే మొదటిది. మా అమ్మాయి సరుకుల కోసం పోయే దుకాణాలు ఆ గీతకు అటు పడ్డాయి. వ్యాధి పరీక్షల వివరాలు కేంద్రం నుంచి సకాలంలో, కావలసినంత వివరంగా రాలేదని నగర మేయర్ సర్ పీటర్ సోల్స్‌బీ బహిరంగంగానే ఫిర్యాదు చేశారు. ఏ పేటలో ఎంతమందికి జబ్బు ఉన్నదో తెలియకుండా నగరపాలన ఎలా సాగుతుంది? సభ హాల్లో జరిగినా తెరమీద జరిగినా, అడగవలసిన ప్రశ్న అదే. కౌన్సిల్ బతికి ఉన్నది గనుక ఆ ప్రశ్న రికార్డుకు ఎక్కింది. 1897 బొంబాయికీ దీనికీ తేడా నాకు అక్కడే కనిపించింది.

గడువు దగ్గరపడుతుండగా, ఈ పద్ధతిని కొనసాగనివ్వాలని హెర్ట్‌ఫర్డ్‌షైర్ కౌంటీ కౌన్సిల్ హైకోర్టుకు వెళ్లింది. దానితోపాటు దావా వేసినవారెవరనుకున్నారు? మునిసిపల్ న్యాయాధికారుల సంఘం, కౌన్సిల్ సెక్షన్ ఉద్యోగుల సంఘం! అజెండాలు రాసే గుమాస్తాల సంఘం మంత్రిగారిని ప్రతివాదిగా పెట్టి కోర్టుకెక్కడం చదివి నాకు కుర్చీలోంచి లేవాలనిపించింది. 2021 ఏప్రిల్ 28న తీర్పు వచ్చింది, ఓడిపోయారు. 1972 చట్టంలో "సభ" అన్నా "హాజరు" అన్నా మనుషులు ఒకచోట కూడడమేననీ, మార్చాలంటే పార్లమెంటే మార్చాలనీ కోర్టు తేల్చింది. స్కాట్లండులో 2003 చట్టంలోనే దూరం నుంచి పాల్గొనే ఏర్పాటు ఉన్నది. వేల్స్ వారు 2021లో శాశ్వత చట్టం చేసుకున్నారు. ఇంగ్లండు కౌన్సిళ్లు మాత్రం మే 7 నుంచి మళ్లీ ఒకచోట కూడవలసి వచ్చింది. దూరం పాటించాలి గనుక ఆటల హాళ్లు, నాటకశాలలు వెతుక్కున్నారు. 2024 అక్టోబరులో అక్కడి ప్రభుత్వమే ఈ విషయం మీద మళ్లీ అభిప్రాయాలు సేకరించింది.

తీర్పు సబబా కాదా? చంటిపిల్లల తల్లులు, నడవలేని వారు, ఉద్యోగాలు చేసుకునేవారు తెరమీద సభలకు రాగలిగారు గదా అనిపిస్తుంది. మనమూ ప్రతి ఏటా బతికి ఉన్నామని రుజువు చేయడానికి క్యూలో నిలబడినవాళ్లమే. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతో పని జరిగింది, 2021 నుంచి ముఖం చూపిస్తే చాలునన్నారు. మంచం మీద ఉన్న పెన్షనరుకు అది ఎంత మేలో చెప్పనక్కరలేదు.

కాని నాకు మరొకటి గుర్తొస్తుంది. ఒక వేసవిలో మా కౌన్సిల్ సభ జరుగుతుండగా ఒక పేట ఆడవాళ్లు ముప్పై, నలభై మంది ఖాళీ బిందెలతో వచ్చి హాలు వరండాలో కూర్చున్నారు. బిందెలు నేలకేసి కొడుతుంటే లోపల ఎవరి మాటా వినబడలేదు. చైర్మన్ గారు మొదట కోప్పడ్డారు, తరువాత బయటికి వెళ్లి మాట్లాడారు, ఆ తరువాత టేబుల్ అజెండాగా రెండు ట్యాంకర్లకు తీర్మానం చేశారు. ఆ తీర్మానం నా చేత్తోనే రాశాను. తెరమీద సభ అయితే ఆ చప్పుడును ఎవరో ఒకరు మీట నొక్కి ఆపేసేవారు.

మన దగ్గర ఏమైంది? హైదరాబాదు మహానగర పాలక సంస్థకు 2020 డిసెంబరులో ఎన్నికలు జరిగి, 150 మంది కార్పొరేటర్ల కొత్త కౌన్సిల్ 2021 ఫిబ్రవరి 11న కొలువు తీరింది. దాని సర్వసభ్య సమావేశం 2021 జూన్ 29న ఆన్‌లైన్‌లోనే జరిగింది. 5,600 కోట్ల రూపాయల బడ్జెట్టు ఆ సభలోనే ఆమోదం పొందింది. ఆలస్యమైతేనేం, సభ అంటూ ఒకటి జరిగింది.

ఆంధ్రప్రదేశ్‌లో తెరమీద పెట్టడానికైనా చాలా ఊళ్లలో కౌన్సిల్ లేదు. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చినప్పుడు, గడువు తీరేలోగా ఎన్నికలు పెట్టాలని రాసి ఉన్నదని మనం ఎంత సంతోషించామో గుర్తుందా? గుంటూరులో పాత కౌన్సిల్ గడువు 2010లో తీరింది, విశాఖపట్నంలో 2012లో. 2020 మార్చిలో ఎట్టకేలకు ఎన్నికల ప్రక్రియ మొదలైంది, మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనరు కరోనా కారణంగా వాయిదా వేశారు. పోలింగు 2021 మార్చి 10న జరిగింది. ఆ మధ్య కాలమంతా, కాకినాడ వంటి ఒకటీ అరా తప్పిస్తే, నగరాలూ పట్టణాలూ స్పెషలాఫీసర్ల చేతిలోనే ఉన్నాయి. బ్లీచింగు కొనుగోళ్లు, కంటెయిన్‌మెంట్ గీతలు, పారిశుధ్య కార్మికుల గ్లౌజులు, అన్నీ ఫైళ్ల మీదే నడిచాయి. ఆ అధికారులు రాత్రింబగళ్లు కష్టపడ్డారు, కాదనను. ఇంతకీ స్పెషలాఫీసరు కౌన్సిల్ అధికారాలు చలాయించేటప్పుడు తీర్మానం తానే ప్రవేశపెట్టి, తానే ఆమోదించి, తానే సంతకం చేస్తాడు. అటువంటి తీర్మానాలు నేనూ రాశాను. వాటిలో ఎవరూ ఏమీ అడిగినట్టు ఉండదు.

అందుకే ఈ సంచిక చదివే మిత్రులకు ఒక విన్నపం. 2020, 2021లలో మునిసిపాలిటీలలో సర్వీసులో ఉండి ఆ తరువాత రిటైరైనవారు మనలో ఉన్నారు. కౌన్సిల్ సెక్షన్‌లో గాని, శానిటరీ ఇన్‌స్పెక్టర్లుగా గాని, నీటి సరఫరాలో గాని ఆ నెలల్లో మీరు చేసిన పనిని, జనం మిమ్మల్ని అడిగిన ప్రశ్నలతో సహా, రెండు పేజీలైనా రాసి సంఘం కార్యాలయానికి పంపండి. చేతిరాత అయినా పరవాలేదు. తేదీ, ఊరు మాత్రం తప్పక వేయండి.