నొప్పి తగ్గాక మానేసే మందు

శంషాబాద్‌లో విమానాలు 2008 మార్చి నుంచి రాత్రింబవళ్లు దిగుతున్నాయి. డ్రైవర్లకు, లోడర్లకు నైట్ డ్యూటీలూ వచ్చాయి. దారిలో బండి ఆపాల్సి వస్తుందని నీళ్లు తక్కువ తాగే డ్రైవరుకు ముందే గౌట్ ఉంటే, ఒంట్లో నీరు తగ్గి నొప్పి మళ్లీ లేవవచ్చు. బొటనవేలు ఎర్రగా ఉబ్బుతుంది, దుప్పటి తగిలినా ఓర్చుకోలేడు. మాత్రలతో వారం పది రోజుల్లో నెమ్మదించాక మళ్లీ స్టీరింగ్ పట్టుకుంటాడు.

కానీ కీలు లోపల యూరిక్ యాసిడ్ స్ఫటికాలు అలాగే ఉంటాయి. రక్తంలో యూరిక్ యాసిడ్ డెసిలీటరుకు దాదాపు 6.8 మిల్లీగ్రాములు దాటితే కరిగి ఉండలేక కీళ్లలో పేరుకుంటుంది. 6 కంటే కిందికి దించి అక్కడే నిలిపితే పేరుకున్నది మెల్లగా కరుగుతుంది. అల్లోప్యూరినాల్ అనే మందు చేసేది ఇదే. చిక్కు మొదటి నెలల్లో వస్తుంది. స్ఫటికాలు కరిగేటప్పుడు నొప్పి మళ్లీ లేవవచ్చు. 'మందు వేసుకున్నాకే ఎక్కువైంది' అని మానేసేది అప్పుడే. అందుకే రోజుకు 100 మిల్లీగ్రాములకు మించకుండా, కిడ్నీ జబ్బుంటే ఇంకా తక్కువతో మొదలుపెట్టి, 3 నుంచి 6 నెలలు కొల్చిసిన్ లాంటి మందు తోడు ఇవ్వాలని 2020 నాటి అమెరికన్ రుమటాలజీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒంటిమీద దద్దుర్లు వస్తే వెంటనే అల్లోప్యూరినాల్ ఆపి డాక్టరును కలవాలి. అరుదే గానీ, అది ప్రాణం మీదికి తేగలదు.

6 అనే గురి మీద అందరికీ ఏకాభిప్రాయం లేదు. అమెరికా ఫిజీషియన్ల కాలేజీ 2017లో దానికి తగిన ఆధారం లేదంది. మరుసటి ఏడాదే నాటింగ్‌హామ్ పరిశోధకులు 517 మందిని రెండేళ్లు గమనించిన ఫలితం వెలువడింది. నర్సులు జబ్బు గురించి విడమరిచి చెప్పి, రక్తపరీక్ష చూసి డోసు పెంచిన వారిలో 95 శాతం మంది 6 లోపుకు చేరారు. మామూలు వైద్యంలో చేరింది 30 శాతమే. బ్రిటన్ అంకెలను ఇక్కడికి యథాతథంగా తేలేం. అయినా ఆ తేడాలో పెద్ద వాటా, కూర్చోబెట్టి చెప్పడానిదేనని నా నమ్మకం.

యూరిక్ యాసిడ్‌ను తగ్గించే మరో మందు ఫెబుక్సోస్టాట్ విషయంలో తొందర వద్దు. 2018 కేర్స్ పరీక్షలో గుండెజబ్బు మరణాలు అల్లోప్యూరినాల్ కంటే ఎక్కువగా కనిపించాయి, కానీ సగానికి పైగా రోగులు మందు మధ్యలో మానేశారు. 2020 ఫాస్ట్ పరీక్షలో ఆ తేడా లేదు. గుండెజబ్బున్నవారికి ముందు అల్లోప్యూరినాలే మేలనిపిస్తుంది.

హెల్త్ చెకప్ రిపోర్టులో యూరిక్ యాసిడ్ 7.5 అని ఉండి, కీళ్లు ఎన్నడూ వాయనివారికి మాత్రం ఆ 2020 రుమటాలజీ మార్గదర్శకమే మందు వద్దంటోంది. 2022 ఆల్‌-హార్ట్ పరీక్షలో, గౌట్ లేని గుండె రోగులకు అల్లోప్యూరినాల్ ఇచ్చినా గుండెకు మేలు కనిపించలేదు.