బాయ్‌కాట్ దొర, జగిత్యాల దొరలు

'బాయ్‌కాట్' అన్న క్రియ అసలు ఒక మనిషి ఇంటిపేరు. 1880లో ఐర్లండులోని మేయోలో కెప్టెన్ ఛార్లెస్ బాయ్‌కాట్ ఒక భూస్వామి దగ్గర ఏజెంటు. కౌలు తగ్గించమన్న రైతులకి ఖాళీ చెయ్యమని నోటీసులు ఇప్పించాడు. అంతే... కూలీలు పొలానికి రాలేదు, ఇంట్లో పనివాళ్ళు మానేశారు, కొట్లో సరుకు పుట్టలేదు. దీనికి ఇంగ్లీషులో 'ఆస్ట్రసైజ్' అన్న మాట ముందే ఉంది. అది పల్లెజనం నోరు తిరగదని ఒక పాదిరి ఈయన పేరునే క్రియ చేశాడంటారు.

మనకి 'వెలి' ఏనాటి నుంచో ఉంది. కాకపోతే అది పైవాడు కిందివాడికి వేసేది. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల రైతుకూలీలు దాన్ని తిరగేశారు. దొరల ఇళ్ళకి చాకలి, మంగలి పోలేదు, జీతగాళ్ళు పని బంద్ పెట్టారు. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం ఆ రెండు తాలూకాలనీ కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

ఇప్పుడు చూడండి. కోరుట్ల ఉన్న జగిత్యాల జిల్లాలోనూ, నిజామాబాద్ వైపూ కొన్ని గ్రామాభివృద్ధి కమిటీలు మాట వినని కుటుంబాలని వెలేస్తున్నాయి. వాళ్ళతో మాట్లాడినా జరిమానా! భూమీ బలమూ ఉన్న దొరకి పని చెయ్యమనడం వేరు, ఒంటరి ఇంటికి సరుకు ఆపడం వేరు. రెంటినీ ఒకే మాటతో పిలవడం నాకైతే మింగుడుపడదు.