లినక్స్‌లో మెమరీ పరిమితి: లెక్క ఎవరి ఖాతాలో?

పాకాల, రామప్ప వంటి చెరువుల కింది సేద్యం చూసినవారికి ఈ పాఠ్యభాగం సులువుగా అర్థమవుతుంది. నీరటికాడు ఒక్కో మడికి ఇంత నీరని నియమం పెట్టాడనుకోండి. ఒక రైతు తన పొలాన్ని పది మడులుగా చీల్చి పది వంతులు అడిగితే నియమం తప్పినట్లు కాదు. చెరువు మాత్రం అడుగంటుతుంది. యూనిక్స్ తరహా వ్యవస్థల్లో మెమరీ పరిమితి చాలాకాలం ఇలాగే ఉండేది.

1983లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీ నుంచి వెలువడిన 4.2 బి.ఎస్.డి.లో 'సెట్‌ఆర్‌లిమిట్' అనే ఏర్పాటు ఉంది. లినక్స్ దాన్ని స్వీకరించింది. నేడు మనం షెల్‌లో వాడే 'యులిమిట్' ఆదేశానికి ఆధారం అదే. అయితే ఆ పరిమితి ఒక్కో ప్రాసెస్‌కు వర్తిస్తుంది. ప్రోగ్రాం పది పిల్ల ప్రాసెస్‌లను పుట్టిస్తే ప్రతిదానికీ పూర్తి వాటా దొరుకుతుంది. పైగా అది ప్రధానంగా లెక్కించేది ప్రోగ్రాం కేటాయించుకున్న చిరునామాల విస్తీర్ణాన్ని. నిజంగా వాడిన మెమరీని కాదు. లినక్స్ అడిగినప్పుడు మాట ఇస్తుంది, ఆ చోటును తాకినప్పుడే అసలు పేజీ ఇస్తుంది. ఇచ్చిన మాటలు ఉన్న మెమరీని మించిపోయి, తీర్చే దారి లేనప్పుడు కెర్నెల్ ఏదో ఒక ప్రాసెస్‌ను ఎంచి చంపుతుంది. సాధారణంగా పెద్దదే బలవుతుంది. తప్పు దానిదే కానక్కరలేదు.

2006లో గూగుల్ ఇంజినీర్లు పాల్ మెనేజ్, రోహిత్ సేథ్ ప్రాసెస్‌లను గుంపులుగా కట్టే పని మొదలుపెట్టారు. అది 'సీగ్రూప్స్' పేరుతో 2008 జనవరిలో 2.6.24 కెర్నెల్‌లో చేరింది. మెమరీ లెక్క ఆ ఏప్రిల్‌లో 2.6.25తో వచ్చింది. ఆ సోర్సు ఫైలు తలభాగంలో ఐ.బి.ఎం. తరఫున బల్బీర్ సింగ్, ఓపెన్‌వీజెడ్ తరఫున పావెల్ ఎమెల్యనోవ్ పేర్లు కనిపిస్తాయి.

ఇక్కడొక చిక్కు వచ్చింది. ఒకే లైబ్రరీ ఫైలును రెండు గుంపులు చదివితే ఆ పేజీ ఎవరి ఖాతాలో రాయాలి? ముందు తాకినవారి ఖాతాలో అన్నారు. ఇది న్యాయం కాదు, కానీ నడిచే పద్ధతి. సమానంగా పంచాలంటే ప్రతి పేజీకీ వాటాదారుల చిట్టా మోయాలి. ఉన్న లెక్కకే ఖర్చు తక్కువేమీ కాదు. పేజీకో అదనపు నమోదు ఉంచవలసి రావడంతో డెబియన్ చాలాకాలం ఈ సౌకర్యాన్ని అప్రమేయంగా ఆపి ఉంచింది. మెమరీని పొదుపు చేసే పద్ధతే మెమరీని తినడం విచిత్రమే! 2015లో 3.19 కెర్నెల్ ఆ విడి నమోదును తొలగించింది.

2016 మార్చిలో వచ్చిన 4.5 కెర్నెల్‌తో సీగ్రూప్స్ రెండో రూపం స్థిరపడింది. అందులో 'మెమరీ.హై' దాటిన గుంపు నెమ్మదిస్తుంది, దాని పేజీలను కెర్నెల్ వెనక్కి లాగుతుంది. 'మెమరీ.మ్యాక్స్' దగ్గర, వెనక్కి లాగడానికి ఏమీ మిగలకపోతే, ఆ గుంపులోని ప్రాసెస్‌నే చంపుతుంది. అధ్యయన కేంద్రంలో ఒకే యంత్రంపై నలుగురు పనిచేస్తూ, ప్రతి ఒక్కరికీ విడి గుంపు ఉంటే, ఒకరి అంతులేని లూపు పక్కవారి ప్రోగ్రాంను బలిగొనదు. స్వాప్ మాత్రం ఈ లెక్కలోకి రాదు, దానికి 'మెమరీ.స్వాప్.మ్యాక్స్' విడిగా పెట్టుకోవాలి.