ఓటు ఒకచోట, అధికారం మరొకచోట: ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగువారి రాజకీయ అవిశ్వాసం

"ఎవరొచ్చినా ఒకటే" అనే మాట తెలుగువాళ్ళున్న ప్రతి ఊళ్ళోనూ వినిపిస్తుంది. పశ్చిమ బెంగాల్ రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లోని మథురాకాటి, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్ ప్రాంతాల్లోనూ వినిపిస్తుంది. దీన్ని దేశమంతటా పెరిగిన విసుగులో ఒక భాగంగా లెక్కవేయడం తేలిక. లోక్‌నీతి–సీఎస్‌డీఎస్ సర్వేలు సైన్యాన్ని జనం ఎక్కువగా నమ్ముతారనీ, రాజకీయ పార్టీలను అందరికంటే తక్కువగా నమ్ముతారనీ ఎన్నోసార్లు చూపించాయి. అయితే ఆ జాతీయ సగటు ఖరగ్‌పూర్ పరిస్థితిని వివరించలేదు. ఇక్కడి అవిశ్వాసం పాలన నిర్మాణంలోంచే పుట్టింది. ఈ పట్టణంలో ప్రజలు ఎన్నుకున్నవారి చేతిలో నేల లేదు. నేల చేతిలో ఉన్నవారిని ప్రజలు ఎన్నుకోలేదు. ఈ పరిస్థితిలో "ఎవరొచ్చినా ఒకటే" అనేవాడిని నేను నిర్లిప్తుడని అనుకోను. తన చుట్టూ ఉన్న ఏర్పాటును అతను చాలామంది విశ్లేషకుల కంటే సరిగా అర్థం చేసుకున్నాడని ఈ వ్యాసం వాదన.

ఖరగ్‌పూర్‌కు తెలుగువాళ్ళు రావడానికి రైలే కారణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ, అంటే మన పెద్దలు నేటికీ పిలిచే బీఎన్ఆర్, 1900 నాటికి హౌరాను ఖరగ్‌పూర్‌తో కలిపింది. 1902లో కటక్ నుంచి వాల్తేరు దిశగా సాగే తూర్పు తీర రైలు మార్గం ఉత్తర భాగం కూడా ఆ కంపెనీ చేతికి వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పల్లెలకూ ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకూ ఒకే యజమాని ఏర్పడ్డాడు. కరువులో భూమి వదిలిన కుటుంబాలు, కూలి పని వెతుక్కునే యువకులు ఆ పట్టాల వెంటే పైకి వచ్చారు. వచ్చినవాళ్ళకు కంపెనీ పని ఇచ్చింది. హోదాను బట్టి క్వార్టరు, నీళ్ళు, ఆసుపత్రి, బడి, బజారు కూడా ఇచ్చింది. యజమానీ ఇంటి ఆసామీ పురపాలకుడూ ఒక్కరే అయిన పట్టణం అది. అక్కడ ఫిర్యాదు చేయడానికి ధైర్యం కావాలి గానీ, ఎవరికి చేయాలన్న సందేహం మాత్రం ఉండేది కాదు.

ఆ ధైర్యాన్ని యూనియన్ ఇచ్చింది. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు సమ్మెతో, ఉద్యోగుల తొలగింపుతో, లాకౌట్‌తో అట్టుడికింది. తొలగించిన కార్మికుల పక్షాన బీఎన్ఆర్ కార్మిక సంఘాన్ని నడిపించిన వారిలో ప్రముఖుడు బరంపురంలో పుట్టిన తెలుగువాడు వి.వి.గిరి. కార్మికులు ఆయన్ని నమ్మడానికి భాషాబంధం కొంత కారణం కావచ్చు. అంతకంటే పెద్ద కారణం సంఘం పనితీరులో ఉంది. మాట ఇచ్చినవాడు కంపెనీ అధికారి ఎదుట కూర్చుని బేరమాడేవాడు. బేరం కుదిరిందో లేదో జీతం రోజున తెలిసిపోయేది. మాటకూ ఫలితానికీ మధ్య దూరం తక్కువ కాబట్టి నమ్మకాన్ని పరీక్షించుకునే వీలుండేది.

గిరి జీవితంలోని మరో ఘట్టం ఇక్కడ చెప్పుకోదగినది. నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రిగా ఉండగా, బ్యాంకు ఉద్యోగులకు అనుకూలంగా ట్రైబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వం సవరించడం నచ్చక 1954లో ఆయన రాజీనామా చేశాడు. పదవికంటే ఇచ్చిన మాట పెద్దదని చేసి చూపిన సందర్భం అది. ఇరవై ఏళ్ళ తర్వాత చరిత్ర వేరే రూపంలో ఎదురైంది. 1974 మే 8న సుమారు 17 లక్షల మంది రైల్వే కార్మికులు సమ్మెకు దిగినప్పుడు, ఖరగ్‌పూర్ సహా రైల్వే పట్టణాలన్నిటా అరెస్టులు జరిగినప్పుడు, క్వార్టర్ల నుంచి కుటుంబాలను ఖాళీ చేయించినప్పుడు, రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఆ పాత బీఎన్ఆర్ కార్మిక నాయకుడే. రాజ్యాంగం ప్రకారం ఆయన చేయగలిగింది పరిమితం. అది నిజమే. అయినా మనవాడు అత్యున్నత పీఠం మీద ఉన్నా మన క్వార్టరు తలుపు మీద నోటీసు ఆగదని ఆ మే నెల ఒక తరానికి నేర్పింది. మే 27న సమ్మె విరమించారు. ఉద్యోగాలు పోయినవాళ్ళను 1977 తర్వాత జనతా ప్రభుత్వంలో రైల్వే మంత్రి మధు దండవతే తిరిగి పనిలోకి తీసుకున్నారు. ఈ సంగతి మరవకూడదు. ప్రభుత్వం మాట నిలబెట్టుకున్నప్పుడు ఈ పట్టణం దాన్ని గుర్తించింది కూడా. ఇక్కడి అవిశ్వాసం పుట్టుకతో వచ్చిన గుణమేమీ కాదు.

నేల ఎవరిది, పన్ను ఎవరిది

ఇక అసలు చిక్కుముడి దగ్గరికి వద్దాం. 2011 జనాభా లెక్కల్లో ఖరగ్‌పూర్ మునిసిపాలిటీ జనాభా సుమారు 2.07 లక్షలు. దాని పక్కనే ఉన్న వేలాదిమందిని "ఖరగ్‌పూర్ రైల్వే సెటిల్‌మెంట్" పేరుతో వేరే పట్టణంగా లెక్కవేశారు. కళ్ళకు ఒకే ఊరుగా కనిపించేది కాగితాల్లో రెండు ఊళ్ళు. రైల్వే ప్రాంతాలు మునిసిపల్ వార్డుల్లోకి వచ్చాయి. అక్కడి జనానికీ కౌన్సిలర్లు వచ్చారు. నేల మాత్రం రైల్వేదిగానే ఉండిపోయింది.

రాజ్యాంగం 285వ అధికరణం కేంద్ర ప్రభుత్వ ఆస్తిని రాష్ట్ర, స్థానిక పన్నుల నుంచి మినహాయించింది. 1989 నాటి రైల్వే చట్టం 184వ సెక్షన్ ప్రకారం, కేంద్రం నోటిఫికేషన్ ఇస్తే తప్ప స్థానిక సంస్థలకు పన్ను కట్టే బాధ్యత రైల్వేకు లేదు. 1971 నాటి ప్రభుత్వ ఆవరణల నుంచి అనధికార నివాసులను తొలగించే చట్టం రైల్వే అధికారికి ఖాళీ చేయించే అధికారం ఇచ్చింది. ఈ మూడూ కలిసినచోట వార్డు కౌన్సిలర్ చేయగలిగేది ఏముంది? కాలువ తవ్వాలన్నా, కుళాయి వేయాలన్నా, వీధి దీపం పెట్టాలన్నా రైల్వే అనుమతి కావాలి. అనుమతి ఇవ్వాల్సిన డివిజనల్ అధికారి బదిలీ మీద వస్తాడు, బదిలీ మీద పోతాడు. ఆయన జవాబు చెప్పాల్సింది గార్డెన్ రీచ్‌లోని జోనల్ కార్యాలయానికీ ఢిల్లీకీ తప్ప నింపురా బస్తీవాళ్ళకు కాదు. కౌన్సిలర్‌ను అడిగితే రైల్వే ఒప్పుకోవడం లేదంటాడు. రైల్వేని అడిగితే అది మునిసిపాలిటీ పని అంటుంది. ఇద్దరూ అబద్ధం చెప్పకుండానే పని తప్పించుకోగలుగుతున్నారు. వ్యక్తుల అవినీతికంటే లోతైన సమస్య ఇదేనని నా అభిప్రాయం.

రాజనీతి శాస్త్రవేత్త పార్థ చటర్జీ 2004లో వెలువడిన తన పుస్తకంలో దక్షిణ కలకత్తా రైలు కట్ట పక్కన వెలసిన గోవిందపూర్ రైల్ కాలనీని ఉదాహరణగా తీసుకున్నాడు. చట్టం దృష్టిలో ఆక్రమణదారులైన పేదలు పార్టీల ద్వారా, సంఘాల ద్వారా రాజ్యంతో బేరమాడి బతికే తీరును ఆయన "రాజకీయ సమాజం" అన్నాడు. ఖరగ్‌పూర్ తెలుగువారి దగ్గర ఆ సూత్రం సగమే పనిచేస్తుంది. ఇక్కడ ఒకే కుటుంబంలో తండ్రి రైల్వే ఉద్యోగి, పెన్షన్ హక్కున్న పౌరుడు. అతను రిటైరై క్వార్టరు అప్పగించాక ఊరికి తిరిగి వెళ్ళలేక పట్టాల పక్క బస్తీలో ఇల్లు వేసుకున్న అతని కొడుకు అదే రైల్వే దృష్టిలో ఆక్రమణదారు. తండ్రికి హక్కుగా దక్కినదాన్ని కొడుకు దయగా అడుక్కోవాల్సి రావడంలో ఉన్న అవమానం, మొదటి నుంచీ బస్తీలో ఉన్నవాడి పేదరికం లాంటిది కాదు. ఇక్కడి అవిశ్వాసంలోని చేదు ఆ తేడాలోంచి వస్తోంది.

కొడుకు కొలువు

హక్కు నుంచి దయకు జారిన ఆ పతనాన్ని వేగవంతం చేసింది ఉద్యోగాల తగ్గుదల. 1990ల మొదట్లో భారతీయ రైల్వేలో 16 లక్షలకు పైగా ఉద్యోగులుండేవారు. ఇప్పుడా సంఖ్య 12 లక్షల చుట్టుపక్కల ఉంది. 2004 జనవరి 1 తర్వాత చేరినవాళ్ళకు పాత పెన్షన్ లేదు. భద్రతా విభాగాల్లోని కొన్ని కేటగిరీల ఉద్యోగి ముందుగా రిటైరైతే అతని పిల్లల్లో ఒకరికి కొలువు ఇచ్చే లార్స్‌జెస్ పథకం చాలా కుటుంబాలకు ఆశ పెట్టింది. వారసత్వంగా ప్రభుత్వ ఉద్యోగం ఇవ్వడం సమానావకాశ సూత్రానికి విరుద్ధమని 2016లో పంజాబ్–హర్యానా హైకోర్టు అభ్యంతరం చెప్పింది. 2018లో రైల్వే బోర్డు పథకాన్ని ముగించింది. న్యాయసూత్రంగా కోర్టు చెప్పింది సరైనదే. కానీ "మీ అబ్బాయికి కొలువు నేను చూస్తాను" అనే మాట మీద నడిచిన యూనియన్ రాజకీయానికి అది గట్టి దెబ్బ. పైగా రైల్వే యూనియన్ల గుర్తింపుకు రహస్య ఓటింగ్ 2007లో, 2013లో జరిగాక మళ్ళీ 2024 డిసెంబరు దాకా జరగలేదు. పదకొండేళ్ళు ఓటు అడగనక్కర్లేని సంఘాన్ని కార్మికుడు తన సంఘమని ఎలా అనుకుంటాడు?

యూనియన్ ఖాళీ చేసిన ఆ చోటును కొంతవరకు కండబలం ఆక్రమించింది. వర్క్‌షాపు ఇనుప తుక్కు చుట్టూ పెరిగిన ముఠాల పేర్లు, వాటిలో తెలుగు పేర్లు కూడా, ఏళ్ళ తరబడి పత్రికల్లో వచ్చాయి. కమ్యూనిస్టు ఎంపీగా పనిచేసిన నారాయణ్ చౌబే ఇద్దరు కొడుకులూ హత్యకు గురయ్యారు. 2017 జనవరిలో, అప్పట్లో రాష్ట్రంలో అధికారంలో ఉన్న తృణమూల్ కార్యాలయంలోనే కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. పార్టీ ఆఫీసు మెట్లెక్కాలంటే సామాన్యుడు జంకే వాతావరణంలో ప్రజాప్రతినిధి మీద నమ్మకం గురించి మాట్లాడటం కష్టం.

ఓటు చెప్పిన సంగతి

నమ్మకం పోయినవాళ్ళు ఓటు మానేస్తారన్న అంచనా ఇక్కడ నిలవదు. వాళ్ళు ఓటును మరింత కఠినంగా వాడారు. 2015 మునిసిపల్ ఎన్నికల్లో 35 వార్డుల్లో తృణమూల్‌కు 11, కాంగ్రెస్‌కు 11, బీజేపీకి 7, వామపక్షాలకు 6 వచ్చాయి. ఎవరికీ ఆధిక్యం ఇవ్వని తీర్పు అది. కొద్ది వారాల్లోనే కొందరు కౌన్సిలర్లు పార్టీ మారారు, బోర్డు తృణమూల్ చేతికి వచ్చింది. ఓటరు ఇచ్చిన తీర్పును ఓటరుకు చెప్పకుండానే మార్చేశారు. "ఎవరొచ్చినా ఒకటే" అన్న మాటకు ఇంతకంటే పెద్ద రుజువు ఇంకేం కావాలి?

2016 శాసనసభ ఎన్నికల్లో, దశాబ్దాలుగా ఖరగ్‌పూర్‌కు ప్రాతినిధ్యం వహించిన, ఊరంతా "చాచా" అని పిలుచుకున్న కాంగ్రెస్ నేత జ్ఞాన్‌సింగ్ సోహన్‌పాల్ ఓడిపోయారు. బీజేపీ అభ్యర్థి దిలీప్ ఘోష్ ఆరు వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఈ సెగ్మెంటులో బీజేపీకి 45 వేలకు పైగా ఆధిక్యం వచ్చింది. ఆరు నెలలు తిరిగేసరికే, నవంబరు ఉపఎన్నికలో తృణమూల్ అభ్యర్థి ప్రదీప్ సర్కార్ 20,853 ఓట్ల తేడాతో గెలిచారు. 2021లో బీజేపీ తరఫున సినీ నటుడు హిరణ్ 3,771 ఓట్లతో గెలిచారు. అయిదేళ్ళలో సీటు మూడుసార్లు చేతులు మారింది.

ఈ ఊగిసలాటను ఓటరు చపలత్వమనడం అన్యాయం. 2019 ఉపఎన్నిక ముందు అసోంలో పౌరుల జాతీయ రిజిస్టరు (ఎన్‌ఆర్‌సీ) జాబితా వచ్చింది. మూడు తరాల కిందట మరో రాష్ట్రం నుంచి వచ్చి, ఇల్లు ఉన్న నేలకు పట్టా కూడా లేని కుటుంబాలకు కాగితం భయం ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. కేంద్రం వైపు నుంచి భయం వచ్చినప్పుడు రాష్ట్రంలో అధికారంలో ఉన్నవాళ్ళకు, రాష్ట్రం వైపు నుంచి వేధింపు వచ్చినప్పుడు కేంద్రంలో అధికారంలో ఉన్నవాళ్ళకు ఓటు వేశారు. ఇద్దరు యజమానుల మధ్య ఇరుక్కున్నవాడు ఒకరి దగ్గర ఇంకొకరి మీద ఫిర్యాదు చేసినట్టుగా ఈ ఫలితాలను చదవాలి.

నాయకుల మీద నమ్మకం పోయిందని ప్రభుత్వాలకు తెలియకపోలేదు. 2019 జూన్‌లో ముఖ్యమంత్రి మమతా బెనర్జీ స్వయంగా తన పార్టీవాళ్ళను, సంక్షేమ పథకాల లబ్ధిదారుల దగ్గర తీసుకున్న "కట్ మనీ" తిరిగి ఇచ్చేయమన్నారు. జూలైలో "దీదీకే బోలో" ఫోన్ నంబరు వచ్చింది. 2020 డిసెంబరులో "దువారే సర్కార్" శిబిరాలు మొదలయ్యాయి. స్థానిక నాయకుణ్ణి పక్కకు తప్పించి నేరుగా రాష్ట్ర నాయకురాలితో మాట్లాడుకోండన్న సందేశం అది. శిబిరాల వల్ల కాగితాలు చేతికి అందినవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆ మేలు నిజమే. కానీ రైల్వే నేల మీది కాలువ గురించి ఆ నంబరుకు ఫోన్ చేసినా సమాధానం మునుపటిదే.

అదే డిసెంబరులో, శాసనసభ ఎన్నికలకు కొద్ది నెలల ముందు, రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. ఖరగ్‌పూర్ తెలుగువారు ఏళ్ళుగా అడిగింది అది. దాన్ని తక్కువ చేయను. తన భాషను రాజ్యం పేరు పెట్టి గుర్తించడం వలస వచ్చిన సమాజానికి గౌరవం. అయితే ఆ గౌరవం పరీక్షకు నిలిచేది ప్రభుత్వ కార్యాలయాల కౌంటర్లలో, బడిలో, తెలుగులో రాసిన దరఖాస్తును చదివే గుమాస్తా దగ్గర. భాషను ఇచ్చింది రాష్ట్రం. ఆ భాష మాట్లాడేవాళ్ళలో ఎక్కువమంది ఉన్న నేల కేంద్రానిది. చిక్కుముడి అక్కడా తిరిగి ఎదురవుతుంది.

కాబట్టి నిజాయితీ గల నాయకుడు దొరికితే నమ్మకం తిరిగి వస్తుందన్న ఆలోచన ఈ పట్టణానికి సరిపోదు. జవాబు చెప్పాల్సిన ఒక సంస్థ కావాలి. అలాంటి నమూనా మన దేశంలో లేకపోలేదు. రక్షణ శాఖ నేల మీద ఉన్న పట్టణాలకు 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం ఎన్నికైన సభ్యులతో బోర్డు ఇచ్చింది. సైనికాధికారి అధ్యక్షుడైనా, నేల కేంద్రానిదైనా, బోర్డులో పౌరుల ఓటుకు చోటుంది. సికింద్రాబాద్‌లో 2023 ఏప్రిల్ 30కి ప్రకటించిన ఎన్నికలను రద్దు చేయడం ఆ ఏర్పాటు ఎంత బలహీనమో చూపించింది. అయినా చట్టంలో ఆ హక్కు ఉంది కనుకే రద్దును జనం ప్రశ్నించగలిగారు. రైల్వే సెటిల్‌మెంట్లకు ఆ మాత్రం హక్కు కూడా లేదు. ఉన్నవి డివిజనల్, జోనల్ స్థాయి ప్రయాణికుల సలహా సంఘాలు. వాటి సభ్యులు నామినేట్ అయినవారు, వాటి పని సలహా ఇవ్వడం. రైల్వే చట్టాన్ని సవరించి, రైల్వే అధికారులూ ఆ నేల మీద నివసించేవారు ఎన్నుకున్న ప్రతినిధులూ కలిసి కూర్చునే బోర్డును, దానికి నిధిని, ప్రతి అర్జీకి గడువులోగా రాతపూర్వక సమాధానాన్ని తప్పనిసరి చేస్తే, మథురాకాటి ఓటరుకు తన కౌన్సిలర్ మాటను నిజమో కాదో తేల్చుకునే వీలు మొదటిసారి దొరుకుతుంది.